బాగున్నానని రాసుకో

1976 మార్చి 9

ఆస్పత్రి లాండ్రీ నుంచి తీసేశారు. బట్టలుతికే సోడా నీళ్ళకు రెండు చేతుల తోలూ మోచేతుల దాకా ఊడిపోతే, సెలవు రాయాల్సిన డాక్టరు "తేలిక పని" అని రాశాడు. కాబట్టి మూడు నెలలు పాత కేసు కాగితాల గదిలో కూర్చోవాలి. కిటికీ లేదు. హీటర్ ఉంది, వెలగదు.

పని ఇది. పెద్ద సర్జను అరాంజెలోవిచ్ గారు 1955 నుంచి 58 దాకా ఈ ఆస్పత్రిలో రెండువందల పన్నెండు మందికి కడుపులో పుండు ఆపరేషన్ చేశాడు. మూడింట రెండు వంతుల కడుపు కోసేసి, మిగిలిన ముక్కను పేగుకు కుట్టేయడం. వాళ్ళంతా ఇప్పుడెలా ఉన్నారో తెలుసుకుని, జూన్‌లో బెల్‌గ్రేడ్‌లో సర్జన్ల సభలో చదవాలట. నేను అడ్రసులు వెతకాలి, ఫారాలు పంపాలి, తిరిగొచ్చినవి వరసలో పెట్టాలి. ఫారంలో పదకొండు ప్రశ్నలు. అడుగున నాలుగు గళ్ళు. ఒకటో తరగతి అంటే పూర్తిగా బాగున్నాడని. నాలుగో తరగతి అంటే ఆపరేషన్ దండగని.

ఇరవై ఏళ్ళు ఎవడూ అడగలేదు. సభ ఉంది కాబట్టి అడుగుతున్నారు.

మార్చి 11

ఎనిమిదో తరగతితో బడి మానేసిన దానికి లాటిన్ ఎలా వచ్చిందని అరాంజెలోవిచ్ డాక్టరు అడిగాడు. కేసు కాగితాలు చదివితే వస్తుంది, మీరెవరూ చదవరు కాబట్టి మీకు తెలియదు అన్నాను. కోప్పడలేదు. వెళ్తూ పేరడిగాడు. స్తామెన అని చెప్పాను.

మార్చి 18

జవాబులు వస్తున్నాయి. అన్నీ ఒకటే. "బాగున్నాను." "బాగున్నాను, మీకు నమస్కారాలు." "దేవుడి దయవల్ల, మీ దయవల్ల బాగున్నాను."

ఒకాయన ఫారంతోపాటు డాక్టరుకి ఎండు రేగుపళ్ళ పొట్లం పంపాడు. ఫారంలో అన్నీ తింటానని రాశాడు. పొట్లం మీద మాత్రం, "ఇవి నాకు పడవు, మీరైనా తినండి" అని ఉంది. ఫారం దస్త్రంలో పెట్టాను. పొట్లాన్ని ఏ దస్త్రంలో పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

మార్చి 20

నూట నలభై మూడో నంబరు మా మామయ్య. వితోమిర్, పోత కార్ఖానాలో అచ్చుల మేస్త్రీ, 1957 నవంబర్‌లో ఆపరేషన్. అమ్మ పోయి నేను ఆ ఇంటికి వచ్చింది కూడా ఆ నవంబర్‌లోనే, నాలుగేళ్ళ దాన్ని. నన్ను పెంచింది ఆయనా, ఆయన భార్య కోసారా అత్తయ్యా.

ఫారం పోస్టులో పంపడమెందుకని చేత్తో తీసుకెళ్ళాను. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం. మామయ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఫారం కాసేపు చూసి, నావైపు తోశాడు.

"నువ్వే రాయి. బాగున్నానని రాసుకో."

"పదకొండు ప్రశ్నలున్నాయి మామయ్యా."

"పదకొండుసార్లు రాసుకో."

భోజనం తర్వాత పడుకోవాల్సి వస్తుందా అన్నది నాలుగో ప్రశ్న. లేదన్నాడు. రోజూ పడుకుంటావుగా అన్నాను. అది పడుకోవాల్సి రావడం కాదు, పడుకోవాలనిపించడం అన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇంట్లో భోజనం తర్వాత అరగంట ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. మామయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు, మెడ చెమటతో తడిసిపోయేది. తిన్నాక మగవాళ్ళందరూ అలాగే పడుకుంటారని పద్నాలుగేళ్ళు వచ్చేదాకా నేననుకున్నాను. "లేదు" అని రాశాను.

ఈ ఏడు మామయ్య ఈస్టర్ ముందు వచ్చే పాస్కా ఉపవాసం పట్టాడు. నలభై ఎనిమిది రోజులు మాంసం, గుడ్డు, పాలు ఏవీ ముట్టడు. జేబులో కమ్యూనిస్టు పార్టీ కార్డున్న మనిషి. కార్ఖానాలో వాళ్ళు "సాధువుగారూ" అని పిలుస్తున్నారట. అత్తయ్య సంతోషం చూడాలి. ముప్పై ఏళ్ళు ప్రార్థిస్తే దారికొచ్చాడంటుంది. ఉల్లిపాయలు వేసి చిక్కుళ్ళు వండింది. చిన్న గిన్నెలో వేసుకుని నెమ్మదిగా తిన్నాడు.

బరువు డెబ్భై ఒకటి అన్నాడు. రాసుకున్నాను. తూకం వేయలేదు, ఆయనకు తెలియదా. అడుగున తరగతి గడి డాక్టరు నింపాలి. పెన్సిల్‌తో ఒకటో గడిలో నేనే టిక్కు పెట్టాను. రైల్లో ఎప్పుడూ ఎక్కలేదు, ఇక్కడైనా ఒకటో తరగతి దక్కిందన్నాడు మామయ్య. అత్తయ్య నవ్వింది. మంచి సాయంత్రం.

మార్చి 29

నూట ఇరవై ఎనిమిది మంది జవాబిచ్చారు. ఎనభై నాలుగు మంది ఇవ్వలేదు.

వాళ్ళను తీసేయమన్నాడు డాక్టరు. ఎక్కడికి తీసేయాలి అన్నాను. లెక్కలోంచి. ఏదైనా బాధ ఉంటే వాళ్ళే ఆస్పత్రికి వచ్చేవాళ్ళని ఆయన ఉద్దేశం. మిగిలిన నూట ఇరవై ఎనిమిదిలో నూట పదిహేడు మంది మొదటి రెండు తరగతులు. నూటికి తొంభై ఒకటి. ఆ అంకె చూసి ఆయన మొహం కడిగినట్టయింది. వాచీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఎనభై నాలుగు మంది మనుషులు. చెత్తబుట్ట కూడా అక్కర్లేదు వీళ్ళకి.

ఏప్రిల్ 4

ఆదివారం. జాబితా పట్టుకుని నడిచాను. ఎవరూ నడవమనలేదు. మా ఊళ్ళో మనిషిని వెతకడం ఎంతసేపు. బతికున్నవాడైతే పొరుగింటివాళ్ళు చెబుతారు. చచ్చినవాడైతే కరెంటు స్తంభానికి అంటించిన చావు కాగితం చెబుతుంది. నల్ల అంచు, ఫోటో, పేరు, పుట్టిన ఏడు, పోయిన రోజు. నలభయ్యో రోజుకొకటి, ఆర్నెల్లకొకటి, ఏడాదికొకటి కొత్తది అంటిస్తారు. పాతది ఎవరూ చింపరు, వాన చింపాలి.

తొమ్మిది మంది దొరికారు. ఆరుగురు స్తంభాల మీద.

ఏప్రిల్ 14

ఈ పది రోజుల్లో మొత్తం ముప్పై ఒక్కరు పోయినట్టు తేలింది. అందులో పదకొండు మంది కాగితాల మీద ఒకే మాట: "స్వల్పకాలం తీవ్ర వ్యాధితో బాధపడి." గుండెపోటయితే "అకస్మాత్తుగా" అని వేస్తారు. కార్ఖానాలో పోతే "విధి నిర్వహణలో" అని. ఈ మాట మాత్రం ఒక్క జబ్బుకే వేస్తారు. ఆ జబ్బు పేరు ఎవరూ గోడకి అంటించరు.

పని అయ్యాక లెపోసావ ఇంటికి వెళ్ళాను. భర్త 1956లో ఆపరేషన్ చేయించుకున్నాడు, మొన్న శీతాకాలంలో పోయాడు. గడప దాటిన వాళ్ళకి పెట్టే పండ్ల పాకం చెంచాలో, గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఈ పది రోజుల్లో ఎన్ని చెంచాలు తిన్నానో, పళ్ళు జివ్వుమంటున్నాయి. ఎలా మొదలైందని అడిగాను. 

"మాంసం వద్దనడంతో మొదలైందమ్మా. నేను కూర పొయ్యి మీద పెడితే దొడ్లోకి వెళ్ళిపోయేవాడు. నా వంట బాగాలేదేమోనని ఏడ్చేదాన్ని. మా చెల్లెలి వంటా తినలేదు, అప్పుడు కాస్త ఊరట కలిగింది నాకు. చూడు ఎంత బుద్ధిలేని దాన్నో."

రాసుకున్నాను. ఇంకో ఇద్దరి ఇళ్ళలోనూ ఇదే చెప్పారు. ఇది డాక్టరుకి చూపించాలి. అడగాల్సింది ఇది, ఫారంలో ఉన్నవి కాదు.

మామయ్యది వేరు. మామయ్యది ఉపవాసం.

ఏప్రిల్ 25

పాస్కా పండుగ. గొర్రెపిల్ల మాంసం బాగా కాలింది. ఎర్ర రంగేసిన గుడ్లు ఒకదానికొకటి కొట్టే పందెంలో నాదే పగలకుండా గెలిచింది. అందరూ తిన్నారు. ఎండగా ఉంది.

ఏప్రిల్ 26

అందరూ తినలేదు.

అత్తయ్య అందరికంటే మంచి ముక్క తీసి మామయ్య పళ్ళెంలో పెట్టింది. నలభై ఎనిమిది రోజులు నిలబడ్డావు, ఇక తినమంది. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగలేదు. బుగ్గన పెట్టుకుని నవ్వాడు, గుడ్డు కొట్టించుకున్నాడు, నీళ్ళు తెస్తానని లేచాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. బావి పక్కన వంగి, గుప్పిట్లోకి ఉమ్మి, మట్టిలో పూడ్చి, చెప్పుతో అదిమాడు. తర్వాత తిరిగొచ్చి అత్తయ్య వంటను మెచ్చుకున్నాడు.

ఇది నిన్ననే చూశాను. నిన్న రాయలేదు.

ఏప్రిల్ 28

డాక్టరుతో తగువు. నా జాబితా ఆయన బల్ల మీద పెట్టాను. ముప్పై ఒక్క చావులు, పదకొండు "స్వల్పకాలం." చదివాడు. రెండోసారి చదివాడు. పదకొండింటిలో తొమ్మిది ఆపరేషన్ అయిన పదిహేనేళ్ళ తర్వాతవి, అంటే పాత పుండు కాదు, తర్వాత పుట్టిందే. అది ఆయనే గుర్తించాడు, నేను కాదు. నెమ్మదిగా జాబితా మడిచాడు.

"స్తంభం సాక్ష్యం కాదు స్తామెనా. సభలో లేచి, కరెంటు స్తంభాల మీద చదివానని చెప్పమంటావా?"

"ఆ మాటకి అర్థమేంటో మీకు తెలీదా?"

"నాకు తెలుసు. తెలియడం వేరు, రుజువు వేరు."

అయితే మీ తొంభై ఒకటికి రుజువేంటని అరిచాను. నర్సులు తలుపు దగ్గరికి వచ్చారు. వాళ్ళు బాగున్నామని రాశారు, మీరు బాగున్నారని కూడారు, ఒక్కడినైనా తూకం వేశారా, ఒక్కడి పళ్ళెమైనా చూశారా అన్నాను. ఆయన వయసు అరవై మూడు. కూర్చునే ఉన్నాడు.

"నువ్వు చూశావా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

నేను బయటికి వచ్చేశాను.

ఏప్రిల్ 29

143.

ఏప్రిల్ 30

చెప్పేశాను. డాక్టరు ఆ ఫారం తీసి చూసి, చేతిరాత నీదేనన్నాడు. అవును. టిక్కు కూడా నీదే. అవును. బరువు? తూకం వేయలేదు. మాంసం సంగతి చెప్పాను, ఉపవాసం సంగతి చెప్పాను, బావి దగ్గర చూసింది చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఈయన కడుపు నాకు గుర్తుంది" అన్నాడు. "కుట్లు వేస్తుంటే కరెంటు పోయింది. లాంతర్లతో పూర్తి చేశాం. మే డే సెలవులు కాగానే తీసుకురా."

మే 2

ఆదివారం. అత్తయ్య చర్చికి వెళ్ళింది. మామయ్య దొడ్లో మిరప నారుకి గుంటలు తవ్వుతున్నాడు. రెండు గుంటలు తవ్వి కూర్చుంటాడు, మళ్ళీ రెండు.

ఆస్పత్రికి రమ్మన్నాను. ఎందుకన్నాడు. డాక్టరు అందర్నీ చూస్తున్నాడన్నాను. అబద్ధాలు ఆ కాగితాల గదిలోనే నేర్చుకున్నావా అన్నాడు. బావి దగ్గర నేను చూశానని చెప్పాను. పలుగు పక్కన పెట్టాడు.

"ఆస్పత్రిలో ఆరో నంబరు గదిలో ఐదు మంచాలుండేవి. ఐదుగురం ఒకే నెలలో కోయించుకున్నాం. నలుగురి శవపెట్టెలూ మోశాను నేను. నీ జాబితా నాకెందుకే పిల్లా? నా దగ్గర ఎప్పుడో ఉంది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఉపవాసం అంటే, ఎందుకు తినలేదని ఎవరూ అడగరు. నాకు నలభై ఎనిమిది రోజులు సెలవు దొరికింది. మీ అత్తయ్యకి దేవుడు దొరికాడు. ఎవరికి నష్టం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నాతో తప్పుడు ఫారం రాయించావు అన్నాను. ఊళ్ళోవాళ్ళందరి కోసం అరుస్తూ తిరుగుతున్నాను, మా ఇంట్లో మాత్రం గుడ్డిదాన్నయ్యాను, నువ్వే చేశావన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అవి రాయను.

అంతా విన్నాడు.

"నేను చెప్పానుగానీ, రాసింది నువ్వేగా. అబద్ధమని నీకూ తెలుసు. ఆ టిక్కు పెట్టేటప్పుడు నీ మొహం చూశాను నేను. నువ్వూ భయపడుతున్నావు, నేనూ భయపడుతున్నాను. ఒకరికొకరం సాయం చేసుకున్నాం, అంతే."

మళ్ళీ పలుగు తీసుకున్నాడు. రెండు గుంటలు తవ్వాక, మంగళవారమయితే వస్తానన్నాడు. సోమవారం పోత ఉందట.

మే 4

యాభై ఎనిమిది కిలోలు.

నోట్లోంచి కడుపులోకి దించే గొట్టం నల్లగా, బొటనవేలంత లావుంది, చివర దీపం. మామయ్యను పక్కకి తిప్పి పడుకోబెట్టారు. భుజాలు నేను పట్టుకున్నాను. నా చేతుల పొక్కులు ఆయన చొక్కాకి గీసుకున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా కదల్లేదు. డాక్టరు చాలాసేపు చూశాడు.  గొట్టంలోంచి చిన్న ముక్కలు నాలుగు తీసి సీసాలో వేశాడు. సీసా నగరానికి వెళ్ళాలి. పది రోజులు.

బయట బల్ల మీద కూర్చుని మామయ్య గొంతు పట్టుకుని, కార్ఖానా పొగగొట్టం మింగినట్టుంది అన్నాడు.

మే 10

రాలేదు.

మే 13

రాలేదు. డాక్టరు రోజుకి రెండుసార్లు మా గదికి వస్తున్నాడు. ఏదో కాగితం అడుగుతాడు, తీసుకోడు, వెళ్ళిపోతాడు.

మే 17

వచ్చింది. పోస్టు విప్పేది నేనే కాబట్టి అందరికంటే ముందు నేనే చదివాను. ఆ లాటిన్ నేర్చుకోకుండా ఉండాల్సింది.

మే 26

మామయ్యను పొద్దున ఎనిమిదికి ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళి తొమ్మిదింబావుకి బయటికి తెచ్చారు. అంత తొందరగా బయటికి వస్తే అర్థమేమిటో ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. అత్తయ్య మాత్రం, చూశావా ఎంత త్వరగా అయిపోయిందో అని నా చేయి పట్టుకుంది. అవునత్తయ్యా అన్నాను.

డాక్టరు మెట్ల మీద కూర్చుని సిగరెట్ తాగుతున్నాడు. పక్కన కూర్చున్నాను. తీయడానికి వీల్లేదు, కాలేయం దాకా పోయింది, తిండి దిగడానికి పక్కనుంచి దారి కలిపానన్నాడు. ఎన్నాళ్ళన్నాను. ఆకులు రాలేదాకా అన్నాడు. ఏడాది కిందట తెస్తే? అంటే సిగరెట్‌ను మెట్టుకేసి నలిపాడు. ఏడాది కిందట ఆయన అడగనూ లేదు, నేను చూడనూ లేదు.

తిట్టడానికి ఒక మనిషి కావాలి నాకు. రోజూ వెతుకుతున్నాను.

జూన్ 10

డాక్టరు బెల్‌గ్రేడ్ వెళ్ళొచ్చాడు. ఏం చదివాడో కాపీ నా బల్ల మీద పెట్టాడు. తొంభై ఒకటి లేదు. "జవాబులను పరీక్షతో సరిచూడలేదు, కాబట్టి ఏమీ తేల్చలేను, జవాబివ్వనివారిలో ముప్పై ఒక్కరు మరణించినట్టు తెలిసింది, కొందరి విషయంలో మిగిలిన కడుపులో క్యాన్సర్ వచ్చి ఉండవచ్చు" అని ఉంది. సభలో ఎవరూ ప్రశ్నలు అడగలేదట. టీ ఇచ్చారట.

"వచ్చి ఉండవచ్చు"! పదకొండు మంది మనుషులకి అంత చిన్న మాట. అయినా కాపీ దాచుకున్నాను.

జూన్ 15

మామయ్య ఇంటికొచ్చాడు. కిటికీ పక్కన మంచం. అత్తయ్యకి తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు. ఏడవలేదు, సామాన్లు తోముతోంది, తోమినవే తోముతోంది.

నా మూడు నెలలూ అయిపోయాయి. చేతులు నయమయ్యాయి కాబట్టి సోమవారం నుంచి మళ్ళీ లాండ్రీ. డాక్టరు ఆపబోయాడు, కుదరలేదు. బాగున్నామని రాసిన నూట పదిహేడు మందిలో ఇప్పటిదాకా ఇద్దరినే చూశాడు. పరీక్షకి రమ్మని ఉత్తరాలు పంపితే, మేం బాగానే ఉన్నామని మళ్ళీ రాస్తున్నారు. ఇది మామయ్యకి చెప్పాను.

కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ఫారం పట్టుకెళ్ళకు. అడక్కు. భోజనాల వేళకి వెళ్ళి కూర్చో. మేం నోటితో ఎంతయినా అబద్ధమాడతాం. పళ్ళెం దగ్గర కుదరదు. ముందు దెసిమిర్ దగ్గరికి వెళ్ళు."

దెసిమిర్ కార్ఖానాలో మామయ్య దగ్గర ఇసుక జల్లించేవాడు, ఇప్పుడు పెన్షన్‌లో ఉన్నాడు. ఎనభై ఎనిమిదో నంబరు, 1956. ఒకటో తరగతి.

జూన్ 17

మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళాను. వితోమిర్ మేనకోడల్ని, ఇటుగా వెళ్తూ వచ్చానన్నాను. దెసిమిర్ భార్య ఏమీ అడక్కుండా మూడో పళ్ళెం పెట్టింది. కోడి సూపు, తర్వాత బంగాళాదుంపలతో కోడి మాంసం.

దెసిమిర్ మాటకారి. మామయ్య కుర్రతనంలో చేసిన వెధవ పనులన్నీ చెప్పాడు. బాయిలర్ మీద గుడ్లు వేయించబోయి అగ్నిమాపక దళాన్ని పిలిపించిన కథ చెప్పి, తనే పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుల మధ్య ఆయన రొట్టె సూపులో నానబెట్టి, మెత్తని భాగం చెంచా అంచుతో తీసుకుని, అరచెంచా మింగి ఆగేవాడు. మింగిన ప్రతిసారీ కథ అక్కడ ఆగేది. ఆయన భార్య ప్రతిసారీ బల్ల గుడ్డ సరిచేసేది. కోడి ముక్క పళ్ళెంలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగింది.

మూడు నెలల కిందటయితే అరిచేదాన్ని. చెంచా కింద పెట్టాను.

"దెసిమిర్ మామా, పెద్ద డాక్టరు గారు మూడింటి దాకా ఉంటారు. నేను ఇప్పుడు అటే వెళ్తున్నాను. మీరు కూడా రండి."

నవ్వు ఆపాడు. నాకేమయిందన్నాడు. తెలియదన్నాను, నిజంగానే నాకు తెలియదు. మార్చిలోనే బాగున్నానని రాసి పంపానుగా అన్నాడు. చదివానన్నాను. వచ్చే వారం చూద్దామన్నాడు. నేను కదల్లేదు. నావైపు, తలుపువైపు, భార్యవైపు చూశాడు, ఆవిడ తన పక్షాన ఏదైనా అంటుందేమోనని.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడయింది. చిన్న సంచి తెచ్చి కుర్చీ మీద పెట్టింది. ఉతికి మడిచిన పైజమా, తువ్వాలు, సబ్బు, గ్లాసు. సంచి మూలల్లో మడతలు గట్టిపడి ఉన్నాయి, ఈ రోజు సర్దింది కాదు.

దెసిమిర్ ఆ సంచిని చూశాడు. ఎప్పుడు సర్దావని అడగలేదు. బూట్ల కోసం వంగాడు.